ఎరువేస్తే చస్తుంది... ఈగ వాలితే బతుకుతుంది!

గాజు తొట్టెలో పురుగులు తినే మొక్కల పెంపకం

మొక్కను మేక మేస్తుంది. ఆకును పురుగు కొరుకుతుంది. ఇది అందరికీ తెలిసిందే. కాని పురుగునే పట్టి తినే మొక్కలున్నాయంటే నమ్ముతారా? నమ్మక తప్పదు. అవి ఎక్కడో సముద్రాలకు ఆవల మాత్రమే లేవు. వానలు వెనుకబట్టే రోజుల్లో తూర్పు కనుమల దిగువన, గెడ్డ పక్కన ఊట నేలల్లో, ఇసుక పాలు ఎక్కువై ఎప్పుడూ చెమ్మగా ఉండే గట్ల మీద ఒంగి వెదికితే కనిపిస్తాయి.

నిలబడి చూస్తే ఎవరో తాంబూలం నమిలి ఉమ్మిన మరకలా ఉంటుంది. కూర్చుని చూస్తే అది మొక్క. రూపాయి బిళ్లంత ఉంటుంది. ఆకులు గుండ్రంగా పేర్చినట్లు నేలకు అంటుకుని ఉంటాయి. ప్రతి ఆకు మీదా ఎర్రని సన్నని వెంట్రుకలు. ఒక్కో వెంట్రుక చివర ఒక్కో మంచు బొట్టు. మిట్టమధ్యాహ్నమైనా ఆ మంచు ఆరదు. ఎందుకంటే అది మంచు కాదు, జిగురు.

దీనిని శాస్త్రజ్ఞులు డ్రాసెరా అంటారు. నేలకు అంటుకుని పెరిగేది బర్మానై జాతి. నిటారుగా జానెడు వరకు లేచి, దారాల వంటి సన్నని ఆకులతో ఉండేది ఇండికా జాతి. రెండూ మన రాష్ట్రంలో పెరిగేవే. తేనె బొట్టనుకుని చీమో దోమో వాలితే కాళ్లు జిగురులో చిక్కుకుంటాయి. అది గింజుకున్న కొద్దీ చుట్టుపక్కల వెంట్రుకలు దాని మీదికి వంగుతాయి. బర్మానై జాతిలో అంచు వెంట్రుకలు క్షణాల మీద మడుచుకుంటాయి. తరువాత ఆకు నుంచి రసాలూరి పురుగు ఒంట్లోని సారాన్ని కరిగిస్తాయి. కొద్ది రోజులకు పురుగు డొల్ల మాత్రం మిగులుతుంది.

ఈగే దాని యూరియా

మొక్కకు ఈ మాంసాహారం ఎందుకు? రైతులకు ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. యూరియా బస్తాలో నూటికి 46 పాళ్లు నత్రజని. ఆ నత్రజని లేకపోతే వరి పచ్చబడి గిడసబారుతుంది. ఊట నేలల్లో నిత్యం నీరు పారి సారమంతా కొట్టుకుపోతుంది. అటువంటి చోట మామూలు మొక్కలు నిలదొక్కుకోలేవు. ఈ మొక్క మాత్రం నేలను నమ్ముకోవడం మానేసి గాలిలో ఎగిరే ఎరువును పట్టుకోవడం నేర్చుకుంది.

అలాగని ఇది పురుగు మీదనే బతుకుతుందనుకుంటే పొరపాటు. అన్ని మొక్కల్లాగే ఎండను పట్టి ఆకులోనే తన పిండి పదార్థం తయారు చేసుకుంటుంది. పురుగు నుంచి కావలసింది నత్రజని, భాస్వరం వంటివి. అంటే ఈగే దాని యూరియా, దోమే దాని డి.ఏ.పి.

మా ఊళ్లో గెడ్డ పక్క పొలం చేసే ఒక పెద్దాయనకు ఈ మొక్క పేరు తెలియదు. గుణం మాత్రం బాగా తెలుసు. "అది పుట్టిన చెక్కలో వరి ఎర్రబడతాది బాబూ. ఎంత గత్తం తోలినా నీటితో పోతాది" అన్నాడు. ప్రయోగశాలలో తేల్చిన మాట కూడా ఇంతకు మించి లేదు.

డార్విన్ పళ్లేలు

మొదట పెద్ద పండితులే ఈ సంగతి నమ్మలేదు. పురుగు ఏదో పొరపాటున అంటుకుని చచ్చిపోతుందన్నారు. దీని అంతు చూసినవాడు జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన ఛార్లెస్ డార్విన్. 1860 వేసవిలో ఆయన ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో ఒక బీడులో ఈ జాతి మొక్కలను చూశాడు. చేతికందిన డజను మొక్కలు పీకి లెక్కపెడితే 56 విప్పారిన ఆకులున్నాయి. వాటిలో 31 ఆకుల మీద చచ్చిన పురుగులో, వాటి అవశేషాలో కనిపించాయి. ఇది పొరపాటున జరిగే పని కాదనుకున్నాడు.

ఆ తరువాత ఆకుల మీద మాంసం తునకలు, గుడ్డు తెల్లసొన, పాలు, గాజు పొడి వంటివెన్నో వేసి చూశాడు. నత్రజని ఉన్న వస్తువు పడితే వెంట్రుకలు వంగి చాలాకాలం పట్టి ఉంచేవి. గాజు పొడి మీదికి వంగినా తొందరగానే విడిచిపెట్టేవి. వాన చినుకు తగిలితే అసలు కదిలేవే కావు. తిండి ఏదో, కానిది ఏదో మొక్క గుర్తుపడుతున్నది! 1875లో ఆయన ఈ మొక్కల మీద ఒక పుస్తకమే ప్రకటించాడు.

ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ డార్విన్ ఇంకొక మెట్టు ఎక్కాడు. పళ్లేలలో ఈ మొక్కలు పెంచి, మధ్యలో చెక్క అడ్డుపెట్టి, ఒక సగానికి కాల్చిన మాంసం సన్నని తునకలు పెట్టాడు. రెండో సగాన్ని పస్తుంచాడు. పురుగులు వాలకుండా పైన పలచని గుడ్డ కప్పాడు. తిన్న మొక్కలు పూలు, గింజలు బాగా ఎక్కువ ఇచ్చాయి. పస్తున్నవి చచ్చిపోలేదు గాని గింజలు తక్కువ ఇచ్చాయి. 1878లో ఆయన ఈ ఫలితాలు వెల్లడించాడు.

మనుషులను మింగే చెట్టు ఉందని చిన్నప్పుడు విన్నవాళ్లుంటారు. 1874లో న్యూయార్క్ వరల్డ్ అనే అమెరికా పత్రిక మడగాస్కర్ దీవిలో అటువంటి చెట్టుందని రాసింది. అది పచ్చి కట్టుకథ. మనిషిని తినే చెట్టు భూమ్మీద ఎక్కడా లేదు.

సీసాలో మొలిచిన ఆలోచన

గాజు తొట్టెలో మొక్కలు పెంచడం కూడా ఒక పురుగు పుణ్యమే! లండన్‌లో నథానియల్ వార్డ్ అనే వైద్యుడుండేవాడు. ఆయనకు మొక్కల పిచ్చి. ఊరినిండా బొగ్గు పొగ కావడంతో పెంచిన మొక్కలు బతికేవి కావు. 1829లో ఆయన ఒక రెక్కల పురుగు గూడును తడిమట్టిలో పెట్టి సీసా మూత బిగించాడు. పురుగు ఎలా బయటికి వస్తుందో చూడాలని ఆయన కోరిక. కొద్ది రోజులకు ఆ మట్టిలో ఒక ఫెర్న్ మొక్క, ఒక గడ్డి పరక మొలిచాయి. బయట తోటలో చచ్చే ఫెర్న్, సీసాలో నీరు పోయకుండానే బతికింది. ఎండకు తేమ ఆవిరై గాజుకు పట్టి, చల్లబడి మళ్లీ మట్టిలోకే దిగుతున్నదని ఆయన గ్రహించాడు.

1833లో అటువంటి గాజు పెట్టెల్లో మొక్కలు పెట్టి ఓడ మీద ఆస్ట్రేలియాకు పంపితే అవి నెలల ప్రయాణాన్ని తట్టుకుని బతికాయి. ఆ పెట్టెల్లోనే రాబర్ట్ ఫార్చ్యూన్ అనే ఆయన చైనా నుంచి వేలకొద్దీ తేయాకు మొక్కలు హిమాలయ ప్రాంతాలకు చేర్చాడు. మనం పొద్దున్నే తాగే టీ కథలో ఆ గాజు పెట్టెకూ భాగముందన్నమాట.

చెమ్మను ప్రేమించే మొక్కకు గాజు గోడలు గొడుగు వంటివి. వడగాలి తగలనివ్వవు, తేమ చెదరనివ్వవు. అందుకే డ్రాసెరాకు గాజు తొట్టె అనువైన ఇల్లు. అయితే ఆ ఇల్లు కట్టడంలో ఒక కిటుకుంది. అది తెలియక ఈ వ్యాసకర్త మొదట రెండు మొక్కలను చేతులారా చంపాడు.

ప్రేమే ప్రాణం తీసింది

2021 కార్తీకంలో గెడ్డ పక్క నుంచి రెండు మొక్కలు పెళ్లతో సహా తెచ్చాను. పెద్ద ఊరగాయ జాడీ అంత గాజు సీసా తీసుకున్నాను. పెరటి ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల గత్తం కలిపి అందులో నింపాను. బోరు నీళ్లు పోశాను. తేమ పోకూడదని మూత బిగించి వాకిట్లో ఎండలో పెట్టాను. ఇంతకంటె భోగం ఏ మొక్కకు దక్కుతుంది?

మూడో రోజుకు ఆకుల మీద జిగురు బొట్లు మాయమయ్యాయి. వారానికి రెండు మొక్కలూ నల్లబడిపోయాయి. మా అమ్మ చూసి, "గత్తం వేసి మొక్కను బతికించినవాళ్లను చూశాను గాని చంపినవాణ్ణి నిన్నే చూశానురా" అంది.

తప్పులు మూడు. మొదటిది ఎరువు. పేదనేలకు అలవాటు పడిన ఈ మొక్క వేళ్లు సన్ననివి, సుకుమారమైనవి. లవణాలు తగిలితే మాడిపోతాయి. రెండవది బోరు నీరు. అందులోనూ లవణాలే. మూడవది మూత. మూసిన గాజులో ఎండ చొరబడితే లోపల ఆవిరి కుడుములు ఉడికినట్టు మొక్క ఉడికిపోతుంది. పైగా మూత వేసిన సీసాలోకి ఈగ ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగో తప్పు కూడా ఉంది. అసలు ఆ మొక్కలను పీకి తేవడమే తప్పు. ఆ మాట చివర చెబుతాను.

తొట్టె తయారు చేసే తీరు

మరుసటి ఏడాది మొక్కలు తేలేదు. ఎండిన కాయల నుంచి చిటికెడు గింజలు మాత్రం కాగితంలో దులిపి తెచ్చాను. ఈసారి అనుసరించిన పద్ధతి ఇది:

పాత చేపల తొట్టె ఒకటి చాలు. అడుగు పొడవుంటే ధారాళం. పైన మూత వద్దు. తొట్టెలో నేరుగా మట్టి పోయడం కంటె, అడుగున చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ కుండీలు అందులో పెట్టడం మంచిది. గాజుకు చిల్లు ఉండదు కనుక పాడైన నీరు మార్చడం కష్టం. కుండీలైతే పైకెత్తి తొట్టె కడుక్కోవచ్చు.

కుండీలో ఇసుక ఒక పాలు, కొబ్బరి పీచు పొట్టు ఒక పాలు. పట్నాల్లో పీట్ అనే నాచు పొడి దొరికితే పొట్టుకు బదులు అది మరీ మంచిది. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. రెండు రోజుల పాటు నాలుగైదుసార్లు వాన నీళ్లలో నానబెట్టి పిండి పారబోయాలి. సముద్రపు ఇసుక పనికిరాదు. ఏటి ఇసుకనైనా బాగా కడిగి, చారెడు తీసి దాని మీద వెనిగర్ చుక్కలు వేసి చూడండి. బుడగలు పొంగితే అందులో సున్నం ఉన్నట్టు. ఆ ఇసుక వద్దు.

గింజలు నుసిలా ఉంటాయి. తడి ఇసుక మీద చల్లి వదిలేయాలి. పైన మట్టి కప్పరాదు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. మొలకెత్తే వరకు మాత్రం తొట్టె మీద చిల్లులు పొడిచిన పలచని ప్లాస్టిక్ కాగితం వేసి నీడలో ఉంచవచ్చు. నా తొట్టెలో మూడు నాలుగు వారాలకు గుండుసూది తలంత మొలకలు కనిపించాయి. అంత చిన్న మొలక కూడా జిగురు బొట్టు మోస్తుంది!

మొలకలు వచ్చాక పైకాగితం తీసేసి తూర్పు వాకిలి పక్కన పెట్టాలి. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలితే ఆకు ఎర్రబారుతుంది. వెలుతురు చాలకపోతే ఆకు పచ్చగా సాగి, జిగురు తగ్గుతుంది. ఎండాకాలపు మధ్యాహ్నం ఎండ మాత్రం గాజుకు తగలనివ్వరాదు.

నీరే ప్రాణం, నీరే గండం

అన్నిటికంటె ముఖ్యం నీరు. వాన నీరు శ్రేష్ఠం. మొదటి వాన కప్పు మీది దుమ్ము కడుక్కు వస్తుంది కనుక దాన్ని వదిలేసి, తరువాతి వానలు శుభ్రమైన డబ్బాల్లో పట్టి మూత పెట్టుకోవాలి. ఏ.సి. యంత్రం నుంచి కారే నీరు కూడా పనికొస్తుంది.

నీటిలోని లవణాలు కొలిచే చిన్న మీటరు ఇప్పుడు కొద్ది వందల రూపాయలకు దొరుకుతున్నది. మనుషులు తాగే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు లవణాలుండవచ్చునని భారత ప్రమాణాల సంస్థ లెక్క. ఈ మొక్కకు 50 దాటితేనే ప్రమాదం. అంటే మనం నిశ్చింతగా తాగే నీరు కూడా దానికి ఉప్పునీరే!

కుండీల కింద తొట్టెలో అర అంగుళం నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. ఇక్కడొక హెచ్చరిక. నిలవ నీరంటే దోమకు పురుటి గది. డెంగీ తెచ్చే దోమ చిన్న మూత నీటిలోనైనా గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. కనుక వారానికి రెండుసార్లు కుండీలు తీసి, తొట్టె అడుగు రుద్ది కడిగి కొత్త నీరు పోయాలి. దోమలు తినే మొక్క ఉంది కదా అని ధీమా పడరాదు. ఈ మొక్కలు ఇంట్లో దోమలను లేకుండా చేస్తాయని ఎవరైనా చెప్పి అమ్మజూపితే నమ్మవద్దు. అవి పట్టేవి పట్టెడు, ఊళ్లో పుట్టేవి పుట్టెడు.

తిండి సంగతి మనం పట్టించుకోనక్కర్లేదు. తొట్టెను ఆరుబయట పెడితే అదే చూసుకుంటుంది. పిల్లలు ముచ్చటపడి అన్నం మెతుకు, మాంసం ముక్క పెట్టబోతారు. పెట్టనివ్వకండి. ఆకు కుళ్లిపోతుంది. చచ్చిన చీమ ఒకటి వేసి వెంట్రుకలు ఎలా వంగుతాయో చూపిస్తే చాలు. పుస్తకంలో బొమ్మ చూసి బట్టీపట్టిన పాఠం అప్పుడు కళ్లెదుట నడుస్తుంది. బడిలో కిటికీ దగ్గర ఇటువంటి తొట్టె ఒకటుంటే ఎంత బాగుంటుంది!

నా తొట్టెలో అయిదో నెలలో సన్నని కాడలు లేచి తెల్లని పూలు పూశాయి. పూలకు ఎవరి సాయమూ అక్కర్లేదు, తమంతట తామే కాయ కడతాయి. కాయ పండాక మొక్క ఎండిపోతుంది. అది జబ్బు కాదు, వరి లాగా దాని ఆయుష్షు అంతే. గింజలు దాచుకుంటే మళ్లీ తొలకరికి మళ్లీ తోట.

కొని తెచ్చుకునేవి

ఇప్పుడు ఫోనులో మీట నొక్కితే విదేశీ మొక్కలు ఇంటికే వస్తున్నాయి. వాటిలో ముఖ్యమైనది వీనస్ ఫ్లైట్రాప్. దాని సొంత ఊరు అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల తీరప్రాంతం. ఆకు చివర తెరిచిన పుస్తకం వంటి బోను ఉంటుంది. బోను లోపల వెంట్రుకలను పురుగు ఒకసారి తాకితే అది మూసుకోదు. సుమారు 20 సెకండ్లలోపు రెండోసారి తాకితేనే మూసుకుంటుంది. చినుకు పడ్డా, పుల్ల పడ్డా వృథాగా మూసుకోకుండా ఆ ఏర్పాటు. అయితే దానికి ఏటా కొన్ని నెలలు చలికాలపు నిద్ర కావాలి. మన మైదానాల వేడిలో ఆ నిద్ర కరువై చాలా మొక్కలు ఒకటి రెండేళ్లకు నీరసించి పోతాయి. డబ్బు పెట్టేముందు ఆలోచించుకోవాలి.

మన దేశానికి స్వంతమైన కూజా మొక్క నెపెంథిస్ ఖాసియానా. ఇది మేఘాలయ కొండల్లో పెరుగుతుంది. ఆకు కొన కూజాలా మారి, అందులో పడ్డ పురుగును కరిగిస్తుంది. ఖాసీలు దానిని రాక్షస పువ్వంటారు, గారోలు దయ్యం బుట్టంటారు. తవ్వి అమ్ముకునేవారి వల్ల, గనుల వల్ల, అడవి తరగడం వల్ల అది అంతరించే దశకు చేరింది. చట్టం దానికి రక్షణ కల్పించింది. కొండ నుంచి తవ్వి తెచ్చినదని అనుమానముంటే కొనరాదు.

అంత దూరం పోనక్కర్లేకుండా మన చెరువుల్లో, వరిమళ్లలో నీటి మీద తేలుతూ పసుపుపచ్చని పూలు పూసే యుట్రిక్యులేరియా ఉంది. నీటిలో మునిగిన దాని ఆకులకు ఆవగింజ కంటె చిన్న తిత్తులుంటాయి. నీటిపురుగు తగిలితే తిత్తి తలుపు తెరుచుకుని, సెకండులో వెయ్యో వంతులో దాన్ని లోపలికి పీల్చేస్తుంది. కన్ను చూడలేని ఆ వేటను మనం కలుపు అని ఏరిపారేస్తాం.

మిగిలింది తొట్టెలోనే

నాలుగో తప్పు సంగతి చెబుతానన్నాను కదా. నేను మొదట మొక్కలు పీకిన ఊట నేల ఇప్పుడు సగం లేదు. ఎర్ర కంకర తోలి, చదును చేసి, తెల్ల రాళ్లు పాతి ఇళ్ల స్థలాలు వేశారు. పంట పండని నేల కదా, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అక్కడ ఒక మొక్క ఉండేదని చెప్పినా వినేవాళ్లు లేరు. మిగిలిన సగంలో పై పొలాల ఎరువు నీరు దిగి గడ్డి దుబ్బులు పెరిగాయి. గడ్డి నీడలో డ్రాసెరా నిలవదు.

ఆ చెక్కలో పుట్టిన గింజల సంతతి ఈ రోజు నా గాజు తొట్టెలో ఉంది. కిందటి వానాకాలం చిటికెడు గింజలు పట్టుకెళ్లి మిగిలిన ఊట పక్కన చల్లాను. పొలం పెద్దాయన చూసి, "ఏటి బాబూ, పంట లేని నేలకు విత్తనాలేటి?" అని నవ్వాడు. మరుసటి కార్తీకంలో తనే కబురు పంపాడు. గట్టు వార నాలుగు చోట్ల ఎర్రటి మరకలు కనిపించాయట. వెళ్లి లెక్కపెడితే ఏడు మొక్కలు. ఒక ఆకు మీద చీమ చిక్కుకుని ఉంది.

అందుచేత పాఠకులకు మనవి. మీ పొలంలోనూ పంట పండని ఊట చెక్క ఒకటి ఉండవచ్చు. వానలు తగ్గాక ఒకసారి వంగి చూడండి. మొక్కలు కనిపిస్తే పీకవద్దు. తొట్టెలో పెంచాలనుకుంటే కాయలు ఎండాక చిటికెడు గింజలు తీసుకుని మిగతావి నేలకే వదలండి. ఆ చెక్కకు ఎరువు వేయవద్దు, మట్టి తోలవద్దు. దానికి మీరు చేయవలసిన మేలు ఏమీ చేయకుండా ఉండడమే.